పెదనాన్న రాజ్‌దూత్ 175 మళ్లీ డొంక దారి పట్టాలంటే: ముందు ఏం విప్పాలి, స్పేర్లు ఎక్కడ వెతకాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: కనిగిరి దగ్గర మీ పల్లెలో పెదనాన్న గారి రాజ్‌దూత్ 175 పదిహేనేళ్లుగా కొట్టంలో పడి ఉంది. కిక్కు కొడితే కదులుతోంది గానీ స్టార్ట్ కావడం లేదు. స్పేర్లు దొరకవు కాబట్టి తుక్కుకు వేయమని, లేకపోతే వేరే బండి ఇంజన్ పెట్టించుకోమని మేస్త్రీ అన్నాడు. మీకేమో దాన్ని చేల దారుల్లో, వెలిగొండ కింద రాళ్ల బాటల్లో తిప్పాలని ఉంది. ఏ పని ముందు, ఏ పని తర్వాత, సామాన్లు ఎక్కడ?

బండి బాగవుతుంది. తుక్కుకు వేయకండి, వేరే ఇంజన్ అసలే పెట్టించకండి. ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబరు, బండి మీద ఉన్న నంబరు కలవకపోతే రేపు రెన్యువల్ దగ్గర ఆగిపోతారు. పైగా ఈ 173 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్ రాళ్ల దారికి బాగా సరిపోతుంది. మూడే గేర్లు, కింద నుంచే లాగే గుణం, ఇనుప బోరు (పిస్టన్ తిరిగే సిలిండర్), లేత్‌లో బాగుచేయలేని భాగం దాదాపు ఉండదు. పోలండ్ ఎస్‌హెచ్‌ఎల్ ఎం11 లైసెన్సుతో ఎస్కార్ట్స్ వాళ్లు 1962లో మొదలుపెట్టిన బండి ఇది. పాల క్యాన్లు, ఎరువు బస్తాలు మోసింది ఇదే.

స్పేర్లు దొరకవన్న మాట సగమే నిజం. "రాజ్‌దూత్ బేరింగ్ ఉందా" అని అడిగితే దొరకదు. "6204 సీ3 ఉందా" అని అడిగితే ఒంగోల్లో ఏ బేరింగ్ షాపులోనైనా ఇస్తారు. పాత బండి సామాన్లను బండి పేరు చెప్పి కాకుండా కొలత చెప్పి వెతకాలి. అందుకే ఇంజన్ విప్పి కొలతలు రాసుకునే దాకా ఒక్క వస్తువు కూడా కొనకండి. ముందుగా రంగు వేయించి, సీటు కుట్టించి, క్రోమ్ చేయించి, ఆఖర్న ఇంజన్ దగ్గర డబ్బు అయిపోయి ఆపేసిన బండ్లు ఎన్నో ఉన్నాయి. మీది ఆ జాబితాలో చేరకూడదు.

ఇక కిక్కు కొట్టడం ఆపండి

ఇన్నేళ్లు నిలిచిన ఇంజన్‌లో బోరు గోడ మీద తుప్పు పొర, క్రాంకు (పిస్టన్ కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు) బేరింగుల్లో గోలీల కింద తుప్పు చుక్కలు ఉంటాయి. కిక్కు కొట్టిన ప్రతిసారీ రింగులు ఆ తుప్పును గీసుకుంటూ పోతాయి. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలోంచి టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ బండ్లకు పెట్రోల్లో కలిపే ఆయిల్), డీజిల్ సమంగా కలిపి 30 మి.లీ. పోసి రెండు రోజులు వదిలేయండి. తర్వాత ప్లగ్గు లేకుండానే బండిని సెంటర్ స్టాండు వేసి, టాప్ గేరులో పెట్టి, వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. ఎక్కడైనా గరగరమంటే అక్కడితో ఆపేసి హెడ్డు విప్పండి.

సాఫీగా తిరిగితే కంప్రెషన్ గేజి పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని కొలవండి. 100 పీఎస్‌ఐ పైన ఉంటే బోరులో ఇంకా ప్రాణం ఉన్నట్టే. 80 దిగితే బోరింగ్ తప్పదు. ఏ అంకె వచ్చినా కింది భాగం మాత్రం విప్పాల్సిందే. ఎందుకో చెబుతాను, ఈ సమాధానంలో ముఖ్యమైన సంగతి అదే.

అసలు రోగం ఆయిల్ సీళ్లలో ఉంటుంది

టూ స్ట్రోక్‌లో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం నేరుగా బోరులోకి పోదు. ముందు క్రాంకు చాంబర్‌లోకి వెళ్లి, పిస్టన్ కిందికి దిగేటప్పుడు ఒత్తిడికి పైకి ఎగదన్నుతుంది. అంటే చాంబర్ కూడా ఒక పంపు లాంటిదే. ఆ పంపుకు రెండు వైపులా క్రాంకు షాఫ్టు బయటికొచ్చే చోట రెండు రబ్బరు సీళ్లు కాపలా ఉంటాయి. పదిహేనేళ్లు ఎండిన రబ్బరు చెక్కలా గట్టిపడి షాఫ్టును పట్టుకోదు.

మాగ్నెట్ (క్రాంకు కొసన తిరుగుతూ కరెంటు పుట్టించే అయస్కాంత చక్రం) వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి లాగుతుంది. మిశ్రమం పలచబడి పిస్టన్ విపరీతంగా వేడెక్కుతుంది. యాక్సిలరేటర్ వదిలాక కూడా ఇంజన్ మోత వెంటనే దిగకుండా కాసేపు అలాగే పైన ఉంటే ఈ సీలు మీదే అనుమానం పెట్టుకోండి. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిల్ చాంబర్‌లోకి పోయి కాలుతుంది. సైలెన్సర్ నుంచి ఆగని తెల్ల పొగ వస్తుంది, గేరు ఆయిల్ మాత్రం తగ్గిపోతూ ఉంటుంది. ఈ రెండూ తెలియక కార్బొరేటర్ మార్చినవాళ్లు, కాయిల్ మార్చినవాళ్లు, చివరికి కొత్త బోరు వేయించి 200 కిలోమీటర్లకే పట్టేయించుకున్నవాళ్లు ఉన్నారు. కొత్త పిస్టన్‌కు సైలెన్సర్ వైపు నిలువు గీతలు పడి వచ్చిన బండ్లలో చాలాసార్లు తేలిన కారణం ఇదే.

దీన్ని పట్టుకోవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. ముల్లు ఉండే పాత బీపీ మిషన్ చాలు. కార్బొరేటర్, సైలెన్సర్ తీసేయండి. సైలెన్సర్ ముఖానికి లారీ ట్యూబు రబ్బరు ముక్క పెట్టి, దాని మీద ఇనుప పట్టీ వేసి బిగించండి. కార్బొరేటర్ కూర్చునే చోట అలాంటిదే ఇంకో పట్టీ, దాని మధ్యలో సైకిల్ వాల్వు బిగించి ఉండాలి. ప్లగ్గు బిగించండి. పిస్టన్‌ను పూర్తిగా కిందికి దించండి, అప్పుడు చాంబరు, బోరు ఒకటే గదిగా కలుస్తాయి. బీపీ బల్బు గొట్టాన్ని వాల్వుకు తగిలించి ముల్లు 300 దాకా వచ్చేలా కొట్టి వదలండి. అది దాదాపు 6 పీఎస్‌ఐ. అంతకు మించి కొట్టొద్దు, మంచి సీలు కూడా బయటికి తన్నుకొస్తుంది. ఆరు నిమిషాలు గడియారం చూసుకోండి. ముల్లు 250కి పైన నిలిస్తే ఇంజన్ గట్టిది. సర్రున పడిపోతే సబ్బు నీళ్లు పూయండి: బోరు కింది ప్యాకింగ్ దగ్గర, కేసింగ్ అతుకు వెంబడి, మాగ్నెట్ తీసి దాని వెనక సీలు చుట్టూ. ఎక్కడా బుడగ రాలేదు గానీ ముల్లు పడుతోందంటే క్లచ్ వైపు సీలే. గేరు ఆయిల్ పోసే మూత తీసి ఆ రంధ్రం మీద సబ్బు నురగ పొర పెట్టండి, మెల్లగా ఉబ్బుతుంది.

ఈ పరీక్ష విప్పకముందు ఒకసారి, అంతా బిగించాక ఇంకోసారి చేయాలి. రెండోది పాస్ కాకుండా ఇంజన్‌ను ఫ్రేములోకి ఎక్కించొద్దు.

విప్పేటప్పుడు

మాగ్నెట్‌ను సుత్తితో కొట్టి తీయొద్దు. దాని గొంతులో మరలు ఉంటాయి, దానికి సరిపోయే పుల్లర్ లేత్‌లో చేయించండి. సుత్తి దెబ్బకు క్రాంకు ఒంకర పోతుంది, అయస్కాంతం బలం కూడా తగ్గుతుంది. కాయిల్ ప్లేటు తీసేముందు ప్లేటుకూ కేసింగుకూ కలిపి మొలతో ఒక గీత గీయండి. టైమింగ్ మళ్లీ దొరకాలంటే ఆ గీతే ఆధారం. కేసింగ్ రెండు సగాలను విడదీసేటప్పుడు అతుకులో స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తొద్దు. అక్కడ పడిన ఒక్క గాటు జీవితాంతం గాలి లీకు.

బేరింగులు తీశాక అంచు మీద గుద్దిన నంబరు చదవండి. చివరి రెండంకెలను ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం కొలత వస్తుంది. 6204 అంటే లోపల 20, బయట 47, మందం 14 మి.మీ. 6205 అంటే 25, 52, 15. క్రాంకు మీదికి వెళ్లే బేరింగుకు నంబరు పక్కన సీ3 అని ఉండాల్సిందే. సీ3 అంటే గోలీలకూ దారికీ మధ్య సందు కాస్త ఎక్కువ. ఇంజన్ వేడికి క్రాంకు సాగినప్పుడు మామూలు బేరింగు బిగుసుకుపోతుంది. రెండు వైపులా రబ్బరు మూతలున్న రకం ఇస్తే వద్దనండి. ఈ బేరింగులకు పెట్రోల్లో కలిసిన ఆయిలే తిండి, మూతలు దాన్ని అందనివ్వవు.

సీళ్లకూ అంతే. "25 40 7" అని రాసుంటే షాఫ్టు 25, బయట 40, మందం 7. రాత చెరిగిపోతే వెర్నియర్‌తో షాఫ్టునూ, కేసింగు గుంతనూ కొలవండి, పాత రబ్బరును కాదు, అది ముడుచుకుపోయి ఉంటుంది. రెండు పెదవుల రకం తీసుకోండి. విటాన్ రబ్బరువి దొరికితే కాస్త ఖర్చైనా అవే మేలు, కారణం పెట్రోలు దగ్గర చెబుతాను. సీలు వేసేటప్పుడు స్ప్రింగు కనిపించే ముఖం చాంబర్ వైపు ఉండాలి. షాఫ్టు మీద కీ గాడి ఉంటుంది కదా, దాని మీద పలచని టేపు చుట్టి, పెదవికి గ్రీజు రాసి ఎక్కించండి. ఆ గాడి అంచు కొత్త సీలును బ్లేడులా కోస్తుంది. షాఫ్టు మీద పాత సీలు అరగదీసిన గాడి గోటికి తగిలితే కొత్త సీలును ఒక మిల్లీమీటరు అటో ఇటో జరిపి కూర్చోబెట్టాలి.

బేరింగును కేసింగులోకి దెబ్బలతో దించకండి. కేసింగును వేడి చేయండి, దాని మీద నీటి చుక్క వేస్తే చుయ్యిమని వెంటనే ఆవిరైపోయేంత. బేరింగును పాలిథిన్ కవర్లో చుట్టి ముందు రాత్రి ఫ్రిజ్ పైఅరలో పెట్టి ఉంచండి. అప్పుడు బొటనవేలి ఒత్తిడికే టక్కున దిగుతుంది.

క్రాంకు, బోరు: లేత్ షాపులో ఏం అడగాలి

కనెక్టింగ్ రాడ్డును పైకీ కిందికీ లాగి చూడండి. ఆ దిశలో కొంచెం ఆట ఉన్నా రాడ్డు కిట్టు మార్చాలి. పక్కలకు అరమిల్లీమీటరు లోపు కదిలితే ఫరవాలేదు. కిట్టు మార్చాక క్రాంకును సెంటర్ల మీద తిప్పి డయల్ గేజితో చూపించమనండి, వణుకు 0.05 మి.మీ. దాటకూడదు. "కంటితో చూశాను, బాగుంది" అంటే ఒప్పుకోవద్దు. హ్యాండిల్ తిమ్మిరెక్కించే వణుకు, నెలకోసారి సీళ్లు పోవడం అక్కడే మొదలవుతాయి.

బోరు సైజు స్టాండర్డులో 61 మి.మీ. ఓవర్‌సైజు పిస్టన్లు పావు, అర, ముప్పావు, ఒక మిల్లీమీటరు లెక్కన వస్తాయి. పిస్టన్ చేతిలోకి వచ్చాకే బోరు కొట్టించండి. ఏ పిస్టన్ వస్తుందో తెలియకుండా అర సైజుకు కొట్టించుకుని, బజార్లో ముప్పావు మాత్రమే దొరికి ఇంకోసారి కొట్టించాల్సి వచ్చిన బోర్లు ఉన్నాయి. పిస్టన్ లంగా భాగాన్ని (రింగుల కింది భాగం) మైక్రోమీటరుతో కొలిపించి, దానికి రెండున్నర నుంచి మూడు థౌ (అంగుళంలో వెయ్యోవంతు) సందు అడగండి. బిగుతుగా ఉంటే ఎక్కువ కాలం వస్తుందని ఒకటిన్నర థౌ పెట్టే అలవాటు కొందరికి ఉంది. మన ఎండల్లో, నెమ్మదిగా ఎక్కే గుట్ట దారిలో, గాలి తగలని ఇనుప బోరుకు అది పట్టేయడానికి దగ్గరి దారి.

బోరింగ్ అయ్యాక చాలామంది మర్చిపోయే పని ఒకటుంది. బోరు గోడకు ఉండే కిటికీల (మిశ్రమం, పొగ వచ్చిపోయే రంధ్రాలు) అంచులు బోరింగ్ తర్వాత కత్తిలా మిగులుతాయి. రింగు ప్రతి చుట్టులోనూ ఆ అంచు దాటాలి. సన్న ఆకురాయితో ప్రతి కిటికీ పై అంచు, కింది అంచు అర మిల్లీమీటరు మేర వాలుగా రుద్దించండి, ఆ తర్వాతే హోనింగ్ (బోరు గోడను రాళ్లతో సన్న గీతలు పడేలా రుద్దడం). ఇది చేయకపోతే రింగు తట్టుకుని విరుగుతుంది, ముక్క బోరునంతా దున్నేస్తుంది. పని అయ్యాక బోరును వేడి నీళ్లు, సబ్బు, బ్రష్షుతో కడిగి, తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి. పెట్రోలుతో కడిగితే హోనింగ్ పొడి గీతల్లోనే ఉండిపోతుంది.

రింగును విడిగా బోరులో పెట్టి, పిస్టన్ తలతో సమంగా లోపలికి నెట్టి, కొసల మధ్య సందు ఫీలర్ గేజితో (సందు కొలిచే పలచని రేకులు) చూడండి. 0.2 నుంచి 0.3 మి.మీ. ఉండాలి. పిస్టన్ గాడిలో ఉండే చిన్న పిన్నుకు రింగు కొసలు సరిగ్గా అటూ ఇటూ కూర్చోవాలి. పిస్టన్ తల మీద బాణం ఉంటే అది సైలెన్సర్ వైపు.

స్పేర్లు ఎక్కడ

మూడు రకాలుగా విడగొట్టుకోండి. బేరింగులు, సీళ్లు, చైను, క్లచ్ వైరు, నట్టు బోల్టులు, పెట్రోలు పైపు లాంటి కొలత సామాన్ల కోసం ఒంగోలు, నెల్లూరు దాటక్కర్లేదు. కేబుల్ లోపలి వైరు, చివరి గుండు తీసుకెళ్తే అదే పొడవుకు కట్టిస్తారు.

రెండోది, ఈ బండి కోసమే ఇప్పటికీ తయారయ్యే సామాన్లు: పిస్టన్ కిట్టు, రాడ్డు కిట్టు, ప్యాకింగుల సెట్టు, పాయింట్లు (నిప్పురవ్వ కోసం కరెంటును తెంచే స్విచ్చు), వాటికి తోడుండే కండెన్సరు, క్లచ్ ప్లేట్లు. ఉత్తరాది పల్లెల్లో ఈ బండ్లు ఇంకా తిరుగుతున్నాయి కాబట్టి ఢిల్లీ కరోల్ బాగ్ వ్యాపారుల దగ్గరా, వాళ్లు పెట్టే ఆన్‌లైన్ అంగళ్లలోనూ దొరుకుతాయి. ఆర్డరు పెట్టేముందు పాత వస్తువును వెర్నియర్ పక్కన పెట్టి ఫోటో తీసి పంపండి. "రాజ్‌దూత్" అని వెతికితే రాజ్‌దూత్ 350వి కూడా వస్తాయి. అది యమహా ఆర్‌డీ350 రూపం, రెండు సిలిండర్ల బండి, దాని సామాను మీదానికి పనికిరాదు. జనం బాబీ అని పిలిచే జీటీఎస్ 175 చిన్న చక్రాల బండి, దాని చక్రాలు, ట్యాంకు కూడా సరిపోవు.

ఇక కొత్తవి రాని సామాన్లు: గేరు పళ్లు, కేసింగులు, హెడ్‌లైటు డూము, టూల్ బాక్సులు, ట్యాంకు బిళ్లలు. వీటికి చెన్నై పుదుపేట వెళ్లాలి. నెల్లూరు నుంచి పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఫోను ఫోటో సరిపోదు, పాత భాగాన్ని సంచిలో వేసుకెళ్లండి. గేరు కొనేటప్పుడు పళ్ల కన్నా పక్కనుండే కొమ్ములు చూడండి. వాటి మూలలు గుండ్రంగా అరిగి ఉంటే లోడు మీద గేరు జారి న్యూట్రల్లో పడుతుంది. గుట్ట దిగేటప్పుడు అలా పడితే ఎంత ప్రమాదమో మీకే తెలుసు. కేసింగు కొంటే బేరింగు గుంతలో వేలు పెట్టి తిప్పండి, పంచ్ గాట్లు తగిలితే బేరింగు వదులై ఎవరో గాట్లు పెట్టి బిగించారని అర్థం, వద్దు.

నా మటుకు, విడి భాగాలు పది చోట్ల వెతికే బదులు ఒక చచ్చిన బండి మొత్తంగా కొనడమే లాభం. పామూరు, ఉదయగిరి, వింజమూరు వైపు మెట్ట ఊళ్ల దొడ్లలో ఇవి ఇంకా ఉన్నాయి. ఆ వైపు పొడి నేల బండ్లకు దుమ్ము పట్టి ఉంటుంది గానీ లోహం గట్టిగా ఉంటుంది. కావలి, అల్లూరు, కోట వైపు సముద్రపు గాలి తిన్న బండి అయితే పైకి బాగున్నా కార్బొరేటర్ తెల్ల పొడిగా రాలుతుంది, స్పోకులు నిప్పుల్ దగ్గర పుటుక్కుమంటాయి. ఎక్కడ కొన్నా అమ్మినవాళ్ల సంతకంతో కాగితం రాయించుకోండి, ఛాసిస్ నంబరు రుద్దేసిన బండిని ముట్టుకోవద్దు.

ట్యాంకు, పెట్రోలు

ట్యాంకులో తుప్పుకు రాళ్లు, గొలుసులు వేసి ఊపితే పలచని చోట చిల్లి పడుతుంది. కరెంటు పద్ధతి మేలు. ట్యాంకు నిండా నీళ్లు, ప్రతి 4 లీటర్లకు ఒక పెద్ద చెంచా వాషింగ్ సోడా. మూతి లోంచి ఒక ఇనుప కడ్డీ దించాలి, అది ట్యాంకుకు ఎక్కడా తగలకుండా మూతి దగ్గర రబ్బరు చుట్టాలి. 12 వోల్టుల బ్యాటరీ చార్జరు ప్లస్సు కడ్డీకి, మైనస్సు ట్యాంకుకు. ట్యాంకు తుప్పు వదులుతుంది, కడ్డీ మీద మడ్డి పేరుకుంటుంది, మధ్యలో తీసి గీకి మళ్లీ పెట్టండి. ఒక రాత్రి పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ వాడొద్దు, నీళ్లు విషమవుతాయి. పైకి వచ్చే బుడగలు హైడ్రోజన్, కాబట్టి ఆరుబయట చేయండి, దగ్గర్లో బీడీ కూడా ఉండకూడదు. అయ్యాక కడిగి, ఎండలో ఆరబెట్టి, ఆరిన నిమిషంలోనే టూటీ ఆయిల్ కలిపిన పెట్రోలు పోసి లోపలంతా తడిసేలా తిప్పండి. గంట ఆలస్యం చేస్తే కొత్త తుప్పు ఎర్రగా పూస్తుంది.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది 2023లో మొదలై ఇప్పుడు అంతటా అదే. ఈ బండి పుట్టినప్పటి రబ్బరు, కార్కు దానికి తట్టుకోవు. పాత పెట్రోలు పైపు ఉబ్బి మెత్తబడుతుంది, కుళాయిలోని కార్కు కారుతుంది. సీళ్లలో విటాన్ అడగమన్నది అందుకే. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వారం పైన బండి తీయకపోతే కుళాయి మూసి కార్బొరేటర్ గిన్నె ఖాళీ చేయండి. మిశ్రమం కూడా పలచబడుతుంది కాబట్టి కార్బొరేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే మెయిన్ జెట్టు ఒక సైజు పెంచి, కాస్త దూరం నిండు యాక్సిలరేటర్‌తో నడిపి, అలాగే ఇంజన్ ఆపి ప్లగ్గు చూడండి. బిస్కెట్టు రంగు ఉంటే సరి. తెల్లగా ఉంటే ఇంకో సైజు పెంచండి.

కనెక్టింగ్ రాడ్డు చిన్న తలలో (పిస్టన్ వైపు కొస) ఇత్తడి బుష్ ఉంటే లీటరుకు 40 మి.లీ. టూటీ ఆయిల్. మొదటి 500 కిలోమీటర్లు 50. కొత్త బండ్ల లెక్కన 20 పోస్తే బుష్ బతకదు. విడి డబ్బాలో కలిపి, ఊపి, అప్పుడు ట్యాంకులో పోయండి.

కరెంటు

పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మి.మీ., ప్లగ్గు సందు 0.6. ఏళ్ల తరబడి నిలిచిన పాయింట్ల మీద కంటికి కనిపించని పొర ఉంటుంది, నిప్పురవ్వ రాకపోతే ముందు తెల్ల కాగితం మధ్యలో పెట్టి లాగి చూడండి, సగం కేసులు అక్కడే తీరతాయి. పాయింట్లు తెరుచుకునేటప్పుడు నీలంగా పెద్ద మెరుపు కొడుతుంటే కండెన్సరు పోయినట్టు. చల్లగా ఉన్నప్పుడు స్టార్టయ్యి, వేడెక్కాక ఆగి, అరగంటకు మళ్లీ స్టార్టయితే మాగ్నెట్ కాయిల్ తీగ వేడికి తెగుతోంది, తిరిగి చుట్టించండి. ప్లగ్గు మర పొడవు పాతదానితో సరిచూసుకోండి, పొడవైనది వేస్తే పిస్టన్ తలకు కొడుతుంది.

రాళ్ల దారి కోసం

అన్నిటికన్నా ముందు గాలి ఫిల్టరు. మీ వైపు ఎర్ర దుమ్ము పిండిలా ఉంటుంది. ఫోర్ స్ట్రోక్‌లో దుమ్ము బోరు దాకానే వెళ్తుంది, ఇందులో ముందుగా క్రాంకు బేరింగుల మీద పడుతుంది, ఆ తర్వాతే పిస్టన్‌కు చేరుతుంది. పాత జాలీ ఫిల్టరు తారు రోడ్డుకే చాలు. పెట్టె లోపల సరిపోయేలా ఫోమ్ కోసి, ఫిల్టర్ ఆయిల్ పట్టించి పిండి వేయండి. చేల దారిలో తిరిగితే 300 కిలోమీటర్లకోసారి కిరోసిన్‌లో కడగాలి. పెట్టెకూ కార్బొరేటర్‌కూ మధ్య రబ్బరు గొట్టం చీలి ఉంటే ఎంత మంచి ఫిల్టరైనా దండగే.

మీది ముందు వైపు లింకు ఫోర్కున్న పాత మోడల్ అయితే లింకు బుష్‌లు అరిగి హ్యాండిల్ ఊగుతుంది. గన్‌మెటల్ బుష్‌లు తిప్పించండి. చీమకుర్తి క్వారీ మిషన్లకు పనిచేసే లేత్‌వాళ్లకు ఇది చిటికెలో పని. గ్రీజు నిప్పుల్ తెరిపించుకోండి, బుష్‌లో గ్రీజు గాడి వేయించడం మర్చిపోవద్దు.

ఎత్తు ఎక్కడానికి బలం చాలకపోతే ముందు వైపు స్ప్రాకెట్‌కు (చైను తిరిగే పళ్ల చక్రం) ఒక పన్ను తగ్గించండి, వెనక మూడు పళ్లు పెంచినంత ఫలితం ఉంటుంది. టైరు రిమ్ము మీద గుద్దిన సైజుకే తీసుకోండి, గుబ్బల టైరు మడ్‌గార్డుకు తగలకుండా కనీసం వేలెడు సందు ఉండాలి. బ్రేకు డ్రమ్ములోని పాత దుమ్మును గాలి కొట్టి ఊదకండి. ఆనాటి లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, తడి గుడ్డతో తుడిచి పారేయండి.

స్క్రాంబ్లర్ లుక్ కోసం ఫ్రేము తోక కోయొద్దని వేడుకుంటున్నాను. కోసిన ఫ్రేమును తిరిగి అతికినా గతుకుల్లో ఆ అతుకు దగ్గరే చీలుతుంది, ఆర్టీవో ఆఫీసులో తనిఖీకి నిలవదు.

కాగితాలు

సొంత వాడకం బండికి ఆర్‌సీ 15 ఏళ్లు, తర్వాత తనిఖీ చేసి ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. పెదనాన్న గారి పేరు మీద ఉంటే పేరు మార్పిడి, రెన్యువల్ రెండూ కావాలి. కాబట్టి ఇంజన్ పని మొదలవకముందే ఆర్‌సీ, ఛాసిస్ నంబరు పెన్సిల్ అచ్చు తీసుకుని ఆర్టీవో ఆఫీసుకు వెళ్లండి. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధన 50 ఏళ్లు దాటిన, పెద్ద మార్పులు లేని బండ్లకు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, పైగా ఆ బండిని రోజువారీ రోడ్డు మీద తిప్పనివ్వరు. మీ అవసరానికి అది సరిపోదు, మామూలు రెన్యువలే చేయించండి.

బిగించాక మొదటిసారి స్టార్టయితే ఐదు నిమిషాలు నడిపి, బోరు చల్లబడే దాకా ఆపండి. అలా మూడుసార్లు. పూర్తిగా చల్లారాక హెడ్డు నట్లు అడ్డదిడ్డంగా కాకుండా ఎదురెదురుగా, 8 మి.మీ. స్టడ్డులైతే సుమారు 2 కేజీ మీటర్ల బిగువుతో మళ్లీ బిగించండి. 500 కిలోమీటర్ల దాకా 40 వేగం దాటకుండా, ఒకే వేగంతో ఎక్కువసేపు లాగకుండా నడపండి. పెద్ద గుట్టలు ఆ తర్వాతే.

ముందు బీపీ మిషన్ పరీక్ష చేసి ముల్లు ఆరు నిమిషాల్లో ఎంతకు పడిందో, కేసింగ్ విప్పాక బేరింగుల నంబర్లు, సీళ్ల కొలతలు ఇక్కడ రాయండి. వాటిని బట్టి మీరు బజారుకు తీసుకెళ్లాల్సిన జాబితా రాసిస్తాను.